పడవ కట్టు మర్యాద
(సంఘము నెలసరి సభలో చేసిన ప్రసంగ పాఠము)



"ఏదైన మన ఊరి సంగతి మాటలాడుడు, పురాణము వలదు, రాజకీయము వలదు, అరగంట దాటవలదు" అని కార్యదర్శిగారు నాకు ఆజ్ఞ యిచ్చిరి. ఈ మూడు వలదులకును లోబడి చెన్నపట్టణమున మాటలాడదగినది ఏమి మిగిలినదా యని విచారింపగా, బకింగుహాము కాలువ యొక్కటి కనబడినది. కాలువ పేరు వినగానే ముక్కు మూసికొనువారు ఈ సభలో కొందరు గలరు. మూసికొనుడు, తప్పులేదు; చెవులు మాత్రము తెరచియుంచుడు. నేను చెప్పదలచినది కాలువ కంపును గురించి కాదు. ఆ కంపును తగ్గించుటకై వచ్చెడి మరమ్మతు పనివారు తమ పడవలను కట్టిపోవు తీరును గురించి.

మన పత్రిక బరంపురమునకును, బెంగుళూరునకును, యానామునకును పోవునని యెరుగుదును. పడవ కట్టుటను గురించి యానామువారికి పాఠము చెప్పునంతటి సాహసము నాకు లేదు. గౌతమీ గోదావరి యొడ్డున పుట్టినవారికి అది తల్లి యొడిలోనే అబ్బిన విద్య. వారు దీనిని చదివి నవ్వుకొందురు గాక. నవ్వించుటకంటె మించిన ప్రయోజనము కొంత యున్నదని తుదకు మీరే గ్రహింతురు.

పడవ కట్టుటలో ఏమున్నదందురా? ఆవును కట్టుటకు, బండిని నిలుపుటకు పద్ధతి యున్నట్లే దీనికిని పద్ధతి గలదు. తలవైపు ఒక మోకు, తోకవైపు ఒక మోకు వేసి, పడవను గట్టు వెంబడి నిలుపవలెను. మన కాలువకు కూవము, అడయారు, ఎన్నూరు కయ్యల ద్వారా సముద్రముతో సంబంధమున్నది. ముఖద్వారములు తెరచియున్న దినములలో పోటుపాటులకు కాలువ నీరును కొంత హెచ్చి తగ్గుచుండును. మోకు మిక్కిలి బిగువైన పడవ ఒక ప్రక్కకు ఒరుగును. మిక్కిలి వదులైన పడవ తోక త్రిప్పి కాలువకు అడ్డముగా నిలుచును. ఈ రెంటి నడుమ నుండు కొలతయే పడవవాని నేర్పు.

మా వీధి చివరనే కాలువ గట్టు. సంవత్సరమునకు కొన్ని మారులు పనివారు వత్తురు. వెడల్పైన ఇనుప పడవ, దానిపై మట్టి త్రవ్వు యంత్రము, నాలుగు గడలు, రెండు ప్లాస్టికు కుర్చీలు, ఒక గొడుగు. వారు గుర్రపుడెక్కను లాగుదురు, పూడిక తీయుదురు, మనము పారవేసిన సంచులను, చెప్పులను, పరుపులను పైకి తెత్తురు. అది మనలో ఏ ఒక్కరును చేయనొల్లని పని. ఆ పనికి నేను చేతులెత్తి నమస్కరింతును. నా వ్యాజ్యము సాయంకాలము ఐదు గంటల తరువాత మొదలగును. పని ముగియును, పడవను కట్టవలెను. ఆ కట్టుటలో గల వైవిధ్యమును చూచి, ఇది వట్టి పని కాదు, వ్యాకరణమని నేను నిశ్చయించితిని. మన ఆదివారపు తెలుగు తరగతికి వచ్చు పిల్లలకు పనికివచ్చునని కొన్ని ఉదాహరణములను మనవి చేయుచున్నాను.

మొదటిది లోపసంధి. ఇందు మోకు లోపించును. గడను బురదలో గ్రుచ్చి, దానికి పడవను ఆనించి, దైవముపై భారము వేసి పోవుదురు. తెల్లవారునప్పటికి గడ ఇక్కడ, పడవ పై వంతెన కడ.

రెండవది ఆగమసంధి. రెంటి నడుమ లేని వస్తువు క్రొత్తగా వచ్చి చేరుట ఆగమము. పడవ కాలువలో నుండును; వేపచెట్టు గట్టు కావల నుండును; నడుమ మనము ప్రొద్దుట నడచు దారి. ఆ దారికి మోకాటి యెత్తున ఒక మోకు ఆగమించును. మా వీధిలోని విశ్రాంతోద్యోగి యొకరు చీకటితో నడకకు బయలుదేరి, ఆ మోకుకు ప్రథమమున ధోవతిని, తరువాత తమను సమర్పించుకొనిరి. దెబ్బ తగులలేదు గాని, నాటినుండి ఆయన నడక మానివేసిరి. వైద్యుడు చెప్పినను వినుటలేదు.

మూడవది ఆదేశసంధి. శత్రువువలె వచ్చి యొకదానిని త్రోసి దాని చోట కూర్చుండుట ఆదేశము. కట్టుగుంజ యుండవలసిన చోట మా యింటి యినుపగేటు ఆదేశముగా వచ్చినది. రాత్రి పాటున నీరు దిగినది. నీటితో పడవ దిగినది. పడవతో మోకు బిగిసినది. ఉదయమున పాలవాడు బయటనుండి త్రోయగా, నేను లోపలనుండి లాగగా, గేటు ఎవరి మాటయు వినలేదు. పాల పొట్లములు గేటు మీదుగా నా చేతికి వచ్చినవి.

నాలుగవది ఆమ్రేడితము. ఉన్న పడవ ప్రక్కనే అదే వంటి మరియొక పడవను కట్టుట. కాలువ వెడల్పు రెండు పడవలది. కాన నీటికి దారి పూజ్యము.

అయిదవది ప్రకృతిభావము. సంధి జరుగక, ఏ మార్పును లేక, ఉన్నది ఉన్నట్లే యుండుట. వంతెన క్రింద నీడ చల్లగా నుండునని ఒక పడవను అచ్చట నిలిపిరి. పండుగ వచ్చినది, పండుగ పోయినది, పడవ మాత్రము కదలలేదు. ఇంతలో గుర్రపుడెక్క దాని చుట్టును దట్టముగా అల్లుకొనినది. ఇక ఆ పడవను తీయవలెనన్న ముందు గుర్రపుడెక్కను తీయవలెను; గుర్రపుడెక్కను తీయవలెనన్న పడవ కావలెను; ఆ పడవ గుర్రపుడెక్కలో నున్నది. కంచె చేను మేసెనని వినియుంటిమి. కంచెను చేనే మ్రింగుట నేనిక్కడ చూచితిని.

వినోదము అటుండనిండు. ఈ యడ్డుకట్టు వలన ఏమి కలుగునో చూడుడు. ప్రవాహమునకు అడ్డముగా నిలిచిన పడవను తేలివచ్చు గుర్రపుడెక్క పట్టుకొనును. గుర్రపుడెక్కను చెత్త పట్టుకొనును. చెత్తను బురద పట్టుకొనును. కాటను దొరగారు ధవళేశ్వరమున ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిరి, అయిదేండ్లు పట్టినది. మా వీధి చివర శనివారము సాయంకాలము అయిదు నిమిషములలో ఒక ఆనకట్ట లేచినది. ఖర్చు ఒక మోకు మాత్రమే.

ఇప్పుడు కాలువ పూర్వకథ కొంత చెప్పవలసియున్నది. ఏలయనగా ఈ కాలువలో పడవ కట్టుట ఎప్పుడును ఇంత దిక్కుమాలిన వ్యవహారము కాదు. 1806లో కాక్రేను దొర చెన్నపట్టణము నుండి ఎన్నూరు వరకు ఉప్పునీటి కాలువను త్రవ్వించెను. అది పులికాటు సరస్సు వరకు సాగెను. 1837లో ప్రభుత్వమువారు స్వాధీనము చేసికొనిరి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ఘోరమైన కరవులో, ఆకలిగొన్న జనమునకు కూలి కల్పించుటకై కూవమును అడయారును కలుపు భాగమును నగరము నడుమ త్రవ్వించిరి. అనగా మైలాపూరు ప్రక్కన మనము ముక్కు మూసికొని దాటెడి ఆ కాలువ, గుప్పెడు గంజి కొరకు జనము గంపలతో మోసిన మట్టి. 1875 నుండి 1880 వరకు గవర్నరుగా నుండిన బకింగుహాము డ్యూకు పేరు దానికి స్థిరపడినది.

ఉత్తరమున పెదగంజాము నుండి దక్షిణమున మరక్కాణము వరకు ఈ కాలువ పొడవు దాదాపు 420 కిలోమీటర్లు. అందు సుమారు 258 కిలోమీటర్లు ఆంధ్రదేశమున నున్నవి; తక్కినది తమిళనాట నున్నది. పెదగంజాము కడ కొమ్మమూరు కాలువ దీనిని కృష్ణతో కలుపును. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలుపును. ఆ వల కాకినాడ కాలువ. కాకినాడలో పడవ యెక్కిన సరంగు సముద్రపు అలను చూడకయే చెన్నపట్టణము చేరగలిగెడివాడు. కోస్తా జిల్లాల బియ్యము, ఉప్పు, శ్రీహరికోట వంటచెరకు, పులికాటు గుల్ల ఈ నీటిమీదనే వచ్చినవి. మన పూర్వుల యిండ్లకు కొట్టిన సున్నమును, వారి పొయ్యిలో మండిన కట్టెయు అనేక పర్యాయములు తెలుగు సరంగు తెచ్చినవే. గాలి యున్నపుడు తెరచాప. గాలి లేనపుడు గట్టు వెంబడి మనుషులు భుజమున తాడు వేసికొని లాగుట. గట్టున నడచువాని తాడు కట్టియున్న పడవలకు తగులుకొనకుండవలెను గనుక, ఎవడు ఎక్కడ కట్టవలెనో, ఎవడు ఎవనికి దారి యియ్యవలెనో తెలియనివానికి కాలువలో బ్రదుకు లేదు. పడవ కట్టుట ఆనాడు మర్యాద మాత్రమే కాదు, జీవనోపాయము.

పడవలు నిలుచుటకు, తిరుగుటకు, సరుకు దించుటకు నీటికొలనులను ప్రత్యేకముగా త్రవ్వించిరి. అట్టి కొలనును బేసిను అందురు. ఆ పేరు బేసినుబ్రిడ్జి రైలు నిలయమున నేటికిని నిలిచియున్నది. విజయవాడ నుండి వచ్చు మన బండ్లు సెంట్రలు స్టేషను కంటికి కనబడుచుండగా అచ్చట ఆగి, పచ్చదీపము కొరకు తపస్సు చేయుట మీకందరకు అనుభవమే. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగునని పెద్దలన్న మాట వేరెక్కడను ఇంత అక్షరాల ఋజువు కాలేదు. పడవలు నిలుచుచోట బండ్లు నిలుచుచున్నవి. పడవకు నిలుచుటకు చోటు లేదు.

కాలక్రమమున లారీలు వచ్చినవి. 1960లలోను 1970లలోను వచ్చిన తుపానులు కాలువను దెబ్బతీసినవి. పడవలు తగ్గినవి, పడవలు పోగా రేవులతో పని లేకపోయినది, రేవులు పోగా గుంజలు పోయినవి. ఏరు దాటి తెప్ప తగులబెట్టినట్లు, ఊరికి వంటచెరకు తెచ్చిన కాలువను ఊరివారు మురుగుకు విడిచిరి. ఆపైన బీచి స్టేషను నుండి వచ్చిన ఎత్తు రైలుమార్గము 1997లో మైలాపూరునకును, 2007లో వేళచ్చేరికిని చేరినది. దాని స్తంభములను పెక్కుచోట్ల కాలువలోనే నిలిపిరి. ఆ స్తంభములకు పడవను కట్టవచ్చును గదా యని మీరనవచ్చును. ఒక్కొక్క స్తంభమును చుట్టుటకు పడవలోని మోకంతయు చాలదు; ముడి వేయుటకు మరియొక మోకును కొనవలెను.

నా ఫిర్యాదు ఎవరికి చెప్పుకొనవలెనో తెలియక, ఒకనాటి సాయంకాలము నేను నేరుగా గట్టునకు పోయితిని. పడవను రేవు మెట్లకు అడ్డముగా కట్టుచుండిరి. మేస్త్రిని పిలిచి అరవములో గట్టిగానే అడిగితిని. అతడు అరవములో మెత్తగానే సమాధానము చెప్పెను. నేను మరల అడిగితిని. అతడు నాకు జవాబు చెప్పక, ప్రక్కనున్న కుర్రవాని వంక తిరిగి ఇట్లనెను:

"ఈ పెద్దాయనకి ఏం చెప్పాల్రా? కట్టేదానికి గుంజ యాడుండాది?"

నెల్లూరి మాట! నా కోపము సగము అక్కడనే దిగినది. "ఏమయ్యా, తెలుగువాడివా?" అంటిని.

"అవును సామీ. మా తాతల కాడనించి ఈడనే ఉండాం. మా తాత ఈ కాలవలోనే కట్టెల పడవ నడిపినాడు. అప్పట్లో రేవుకొక గుంజ ఉండేదంట. ఇప్పుడు కాలవుండాది, పడవుండాది, గుంజే లేదు. మీరే ఒకటి పాతించండి, దానికే కడతాను."

గుంజ లేనిమాట నిజమేగాని, మెట్లను మూసివేయుమని గుంజ చెప్పలేదుగదా యని నేనంటిని. అతడు నవ్వి, పడవను పది బారలు ముందుకు త్రోయించి, రెండు మోకులతో గట్టు వెంబడి చక్కగా కట్టించెను. ఆ ముడి చూడవలసినది. లాగినకొలది బిగియును, ఒక్క కొస పట్టి యీడ్చిన వెంటనే విడిపోవును. ఎవరు నేర్పిరని అడిగితిని. "మా నాయన" అనెను.

సోదరులారా, అతని మాటలో రెండు సంగతులున్నవి. ఒకటి గుంజను గురించి. రెండవది మనలను గురించి.

గుంజ సంగతి మొదట చెప్పెదను. కాలువను బాగుచేయుటకు యంత్రము కొన్నవారు, పడవ కొన్నవారు, ఆ పడవ రాత్రి ఎక్కడ నిలుచునని ఆలోచింపలేదు. ఇల్లు కట్టి వాకిలి మరచినట్లున్నది. 2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు గల కాలువల వరుసను జాతీయ జలమార్గము 4 అని ప్రకటించిరి. సంతోషము. జాతీయ జలమార్గమునకు మా వీధి చివర ఒక్క జాతీయ గుంజ దొరకినచో మరింత సంతోషింతుము. ఈశాన్య ఋతుపవనము మనవద్ద అక్టోబరులో ప్రవేశించి డిసెంబరు వరకు నిలుచును. 2015 డిసెంబరు 1వ తేదీ రాత్రిని, 2023 డిసెంబరు మొదటి వారమున మిగ్‌జాం తుపానునాటి దినములను ఈ సభలో మరచినవారు లేరు. మేడమీద కూర్చుండి, క్రింది యింటివారి బియ్యపు డబ్బా తేలిపోవుచుండగా చూచినవారు మనలో నున్నారు. ఆ వరదలకు పడవలు కారణమని నేననను, అనుట అన్యాయము. అయినను స్తంభములు కొంత, పూడిక కొంత, ఆక్రమణలు కొంత తినగా మిగిలిన ఈ సన్నని కాలువలో, వాన కురియు రాత్రి వంతెన క్రింద ఒక ఇనుప పడవ అడ్డముగా నున్నచో, ఆ అడుగు నీరు ఎవరి యింటిలోనికి పోవునో వేరుగా చెప్పనక్కరలేదు. గట్టు ప్రక్కన గుడిసెలలో నున్నవారికి మేడలు కూడ లేవు.

ఇక రెండవ సంగతి. ఓడ యెక్కుదాక ఓడమల్లయ్య, ఓడ దిగినపిమ్మట బోడిమల్లయ్య యని సామెత. మన సంఘము చెన్నపట్టణపు తెలుగువారి సంఘమని చెప్పుకొందుము. మన పట్టికలో వకీళ్ళు, వైద్యులు, వర్తకులు, ఉపాధ్యాయులు గలరు. ఈ నగరపు వీధులు ఊడ్చి, కాలువలు త్రవ్వి బ్రదుకు తెలుగువారు కొల్లలుగా నున్నారు. వారి పేర్లు మన పట్టికలో ఎన్ని యున్నవో కార్యదర్శిగారిని అడిగితిని. ఆయన పుస్తకము తెరచి, మరల మూసిరి. ఆ మేస్త్రి యింట తెలుగు మాటలాడుచున్నారు. పిల్లలకు చదువుట, వ్రాయుట రాదట. మనమో, పిల్లలకు వ్రాయుట నేర్పుచున్నాము. ఇంట మాటలాడుట మానుచున్నాము. వారి వద్ద ముడి యున్నది, మన వద్ద గుంజ యున్నది. రెండును కలియకున్న పడవ నిలువదు. ఏబదియేండ్లు గడచిన పిమ్మట ఈ సభలో తెలుగున ఫిర్యాదు చేయువాడొకడు మిగులవలెనన్న, ఈ రెంటిని కలుపుట నేడే జరుగవలెను.

కావున నేను గొణుగుటతో ఆపక, సంఘము పక్షమున ఒక విన్నపపత్రమును సిద్ధముచేసితిని. అందలి కోరికలు స్వల్పములు.

ఒకటి: కాలువ వెంట తగిన దూరములలో, ఒకే గట్టున, పడవలు కట్టుటకు గట్టి గుంజలనో ఇనుప కడియములనో అమర్చవలెను.

రెండు: వంతెనల క్రిందను, మురుగుతూముల మూతులకెదురుగను, రేవు మెట్లకు అడ్డముగను పడవలను నిలుపరాదు.

మూడు: తలకు తోకకు రెండు మోకులు వేయవలెను, మోకు నడకదారిని దాటరాదు, రాత్రివేళ పడవపై ఒక యెర్రదీపము వెలుగవలెను.

నాలుగు: ఈశాన్యపు వానలు మొదలగుటకు ముందే, పనిలేని పడవలను గట్టునకు లాగివేయవలెను.

అయిదు: పనివారు ఎండలో నిలువ నీడలేకయే వంతెన క్రిందికి పోవుచున్నారు. వారికొక పాక, త్రాగునీరు, కాళ్ళుచేతులు కడుగుకొనుటకు మంచినీటి కుళాయి ఏర్పరుపవలెను. నీడ గట్టున నున్నచో పడవయు గట్టుననే యుండును.

ఈ యైదింటిని అధికారులకు పంపుదము. ఆరవది వారికి కాదు, మనకు. వచ్చు ఆదివారమునుండి మన తెలుగు తరగతిలో కాలువ పనివారి పిల్లలకు రుసుము లేకుండ చోటీయవలెనని నేను ప్రతిపాదించుచున్నాను. సంధులు చెప్పునపుడు ఉదాహరణములకు కొదువ యుండదు. వారి తండ్రులే సమకూర్చుచున్నారు. ప్రతిగా ఆ మేస్త్రిని ఒకనాడు మన సభకు పిలిచి, ఆ ముడి వేయుటను మన పిల్లలకు నేర్పింపవలెను. ఆయన రాకకు అంగీకరించినాడు. కాని పడవ ఎక్కడ కట్టి రావలెనని అడిగినాడు. దానికి మాత్రము మన గేటును చూపవలదని నా మనవి.

విన్నపపత్రము ద్వారము వద్ద బల్లపై నున్నది. పోవుచు పోవుచు సంతకములు చేయుడు. కలము మాత్రము దారమునకు కట్టియున్నది, అడ్డముగా లేదు. సెలవు.